రెండు రోజులు చూద్దామండీ

నేను మంచిదాన్నని ఎవరైనా చెబితే నమ్మకండి.

మా ఆయన శ్రీరాములు ముక్తేశ్వరం పక్కన కొబ్బరి పీచు మిల్లులో పనిచేసేవాడు. సుగరు మనిషి. రోజంతా పొట్టు ముక్కుల్లోకి పోయేది. తొంభై ఎనిమిదిలో తలనొప్పి, ముక్కు దిబ్బడ పట్టుకుంటే మా ఊరి ఆర్‌ఎంపీ గంగాధర్ సూది వేశాడు. సాయంత్రానికల్లా లేచి కూర్చున్నాడు. మా వాళ్ళకి సూది పడితేనే వైద్యం, ఒట్టి మాత్రలిచ్చేవాడు డాక్టరే కాదు. మళ్ళీ నొప్పి వస్తే నేనే వెళ్ళి, ఆ సూదే వెయ్యమని బతిమాలాను. అలా పదకొండు వేశాడు. అది తలుచుకుంటే నా నోరు నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

పన్నెండో రోజు బుగ్గ ఉబ్బింది, ముక్కులోంచి నల్లటి పెచ్చు ఊడింది. కాకినాడ తీసుకెళ్తానన్నాను. గంగాధర్ నవ్వాడు.

"కంగారెందుకండీ? ఇంకో రెండు రోజులు చూద్దామండీ."

చూశాం. కన్ను పోయింది, ఆనక మనిషే పోయాడు. అది బూజు, గాల్లో ఎప్పుడూ ఉండేదేనని కాకినాడ డాక్టరమ్మ చెప్పింది. ఒంట్లో కాపలా కాసే కణాలు ఒకసారి చూసిన శత్రువును గుర్తుపెట్టుకుని, మళ్ళీ వస్తే పట్టి చంపుతాయట. సుగరు వాటిని నీరసపరిస్తే, గంగాధర్ వేసిన స్టెరాయిడ్ సూదులు పూర్తిగా పడుకోబెట్టేశాయట. రెండు రోజుల ముందు తెస్తే బతికేవాడేమో అంది. ఆయన రక్తం పగ మరిచిపోతే పోయింది, నేను మరవను అనుకున్నాను.

గంగాధర్ని నిలదీస్తే రాత బాగోలేదన్నాడు. ఊరూ అదే మాటంది. మిల్లులో ఆయన పని నాకిచ్చారు. సోమవారం సోమవారం గంగాధర్ అక్కడికొచ్చి పనివాళ్ళకి సూదులు వేస్తుంటే, పీచు దులుపుతూ ఏడేళ్ళు చూశాను.

రెండువేల ఐదులో ఒక సోమవారం ఎడమ బుగ్గ ఉబ్బి వచ్చాడు. వాడికీ సుగరేనట. పడిశమని తన సూదే తను వారంగా వేసుకుంటున్నాడట. జేబురుమాల్లో ముక్కు చీదాడు. నల్లటి పెచ్చు. వాడు చూసుకోలేదు, నేను చూశాను.

మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. చేసుకున్నవాడికి చేసుకున్నంత! ఆ రెండు రోజులూ హాయిగా తిన్నానని అబద్ధం చెప్పను. అయినా నోరు విప్పలేదు.

బుధవారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి, ఉన్నపళంగా కాకినాడ తీసుకెళ్ళమని వాడి భార్యతో చెప్పాను. ప్రాణం దక్కింది. ఎడమ కన్ను తీసేశారు.

రెండు నెలల తర్వాత నల్లద్దాలతో మా గుమ్మంలోకొచ్చి చేతులు జోడించాడు. ఊళ్ళో అందరూ నన్ను దేవతంటున్నారట. ఎప్పుడు కనిపెట్టేరండీ అని అడిగాడు. సోమవారమే, మిల్లులోనే అన్నాను. అద్దాలు తీసి, ఉన్న ఒక్క కంటితో నన్నే చూశాడు.

"మరి అప్పుడే చెప్పలేదేంటండీ?"

"రెండు రోజులు చూద్దామనుకున్నానండీ."