మేనమామ ఒడి

గోవిందరాజుకు నడుము నొప్పి పట్టుకుని ఏడాది అయింది. ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే ధనశేఖర్‌కు తెలుస్తుంది.

ధనశేఖర్ చిన్నాన్న కొడుకు. ఇరవై ఏళ్ల కిందట గోవిందరాజు పెండ్లి పందిట్లో, ఆడపెండ్లివాళ్లంతా వింటుండగా, "మా అన్న ఏందో పారేసుకున్నట్టు నేల చూస్తానే నడుస్తాడు, మీరేమీ అనుకోవద్దండి" అన్నాడు. పందిరంతా నవ్వింది. నవ్విన వాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. గోవిందరాజుకు ఆ మాట మాత్రం నిన్న విన్నట్టే ఉంది.

2007లో, తమిళుల ఆవణి నెలలో, చెల్లెలు వినోదిని తన కూతురు ప్రీతికి చెవులు కుట్టించడానికి ముహూర్తం పెట్టింది. మేనమామ నేల మీద బాసింపట్టు వేసుకుని పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి, కంసాలి వచ్చి కుట్టాలి. గోవిందరాజు నేల మీద కూర్చుంటే, లేపడానికి ఇద్దరు కావాలి.

"కుర్చీ వేసుకుంటే ఏమమ్మా?" అని తల్లి పాపక్కను మెల్లగా అడిగాడు.

"కుర్చీలో కూర్చోని కుట్టించేదానికి ఇదేమన్నా సెలూనా? నీకు కాకపోతే చెప్పు, ధనశేఖరు కూర్చుంటాడు. వాడూ మేనమామే గదా."

అంతే. మరుసటి రోజు పొద్దున్నే తమిళనాడులోని తన ఊరు ఇండూరులో బస్సెక్కి, జిల్లా కేంద్రం ధర్మపురికి పోయాడు.

అక్కడ నడుములు, మెడలు చూసే ఆమె పేరు మోహనప్రియ. పాతికేళ్ల పిల్ల. అన్నీ తమిళంలో అడిగింది, తమిళంలోనే జవాబు చెప్పాడు. వెనకనుంచి బొటనవేలితో ఒకచోట నొక్కింది.

"సచ్చినాన్రా నాయనా!"

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "మాట్లాడింది తమిళం, అరిసింది తెలుగు. మనోళ్లేనా! మాది మారండహళ్ళి. మీది యా ఊరు మామా?"

"ఇండూరు. సూది వెయ్యమ్మా, పోతాను."

"సూది లేదు మామా. ఎముక బాగానే ఉంది, మీరే దాన్ని ఊరికే ఉండనియ్యరు. మూడు నాళ్లు చూడండి. యాడ ఊపిరి బిగబడతారో, యాడ భుజాలు చెవుల కాడికి పోతాయో. సరి చెయ్యొద్దు. చూసేది మాత్రమే."

"చూసేదానికి నువ్వెందుకమ్మా? ఇంట్లో అద్దముంది."

"అద్దం ముందర అందరూ సక్కంగానే నిలబడతారు. అత్తకు చెప్పండి, అత్త చూస్తుంది."

చెప్పకపోతేనే బాగుండేది. ఇరవై ఏళ్లుగా తిమ్మమ్మ ఎవరి అనుమతీ లేకుండానే మొగుడి తప్పులు పట్టేది. ఇప్పుడు డాక్టరమ్మే అనుమతి ఇచ్చింది. టమోటా పెట్టె ఎత్తితే "భుజం" అనేది. మోపెడ్ తొక్కి స్టార్ట్ చేస్తే "పండ్లు కొరకతావుండావు" అనేది. అన్నం తింటుంటే కూడా వదల్లేదు.

మూడోనాడు అతను చేనినుంచి వచ్చి గడప దాటబోతుంటే, "నిలు" అంది. "యాడికి వంగినావు?"

"నేను వంగలేదు."

"బయటికి పొయ్యి మళ్లీ రా."

పోయి వచ్చాడు. వంగాడు. ఈసారి తనకూ తెలిసింది.

పాత మట్టి ఇంటి వాకిలి అతని ఎద దాకా వచ్చేది. తల తగలకుండా మెడ ముందుకు చాచి, ఊపిరి బిగబట్టి, ఎడమ పక్కకు మెలి తిరిగి లోపలికి దూరాలి. ముప్పై ఏళ్లు అలాగే దూరాడు. ఆ ఇల్లు కొట్టేసి నాలుగేళ్లయింది. దాని చోట మిద్దె లేచింది. "వాకిలి ఏడడుగులు పెట్టు" అని మేస్త్రీకి తనే చెప్పాడు. ఇల్లు మారింది గాని, అతని ఒంటికి ఆ కబురు ఎవరూ చెప్పలేదు.

"ఇప్పుడు లేని వాకిలికి దినమంతా దండం పెడతావుండావు గదయ్యా!" అని తిమ్మమ్మ నవ్వి నవ్వి నేల మీద కూలబడింది. గోవిందరాజుకు ముందు కోపం వచ్చింది. తర్వాత తనూ నవ్వాడు. నవ్వితే నడుము పట్టుకుంది.

మోహనప్రియ కూడా విని నవ్వింది. తర్వాత నేర్పింది. ప్రతి గడప ముందు ఆగాలి. రెండు పాదాల మీద బరువు సమంగా ఉందో లేదో చూసుకోవాలి. ఊపిరి మెల్లగా వదిలి, ఎదురుగా చూస్తూ లోపలికి నడవాలి. కూర్చునేటప్పుడు కింద మడిచిన దుప్పటి పెట్టుకోవాలి. లేచేటప్పుడు ఎగిరి లేవకూడదు. ఒక పక్కకు ఒరిగి, చేయి ఆనించి, మోకాలు ఊని, ఊపిరి వదులుతూ లేవాలి.

మొదటి వారం గడప దగ్గర తల తగులుతుందేమోనని కళ్లు మూసుకునేవాడు. రెండో వారం తెరిచాడు. మూడో వారం ఎవరూ లేపకుండా చాప మీదనుంచి లేచాడు. ఒకసారి లేచాడు, మరోసారి లేవలేకపోయాడు. ముహూర్తం ఆ మధ్యలో వచ్చి పడింది.

ధనశేఖర్ ఆ రోజు పట్టు పంచె కట్టుకుని సిద్ధంగా వచ్చాడు. నడుము సంగతి పాపక్క నోట అతని చెవిన పడనే పడింది. "అన్నా, నడుముకు ఇబ్బందైతే నేనుండాను."

గోవిందరాజు తిమ్మమ్మ వైపు చూశాడు. తిమ్మమ్మ, పోయి కూర్చోమన్నట్టు, పందిరి వైపు చూసింది.

దుప్పటి మడిచి వేసుకుని కూర్చున్నాడు. గుండు చేయించుకున్న ప్రీతి ఒళ్లో బెల్లంముక్క చప్పరిస్తూ ఉంది. కంసాలి మొదటి చెవి కుట్టగానే పాప విల్లులా వంగి కేక పెట్టింది. గట్టిగా పట్టుకున్నాడు. ఊపిరి ఆగింది. నడుము కరిచింది. రెండో చెవి దాకా ఉండలేననిపించింది.

"భుజం!" అని ఆడవాళ్ల మధ్యనుంచి కేక వచ్చింది.

అందరూ నవ్వారు. కంసాలి కూడా సూది పక్కన పెట్టి నవ్వాడు. గోవిందరాజు ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి. వీపు తన బరువు తాను మోసుకుంది. అతని పొట్ట మెల్లగా పైకీ కిందికీ ఆడుతుంటే పాప దానికి ఆనుకుని, వెక్కి వెక్కి ఊరుకుంది. రెండో చెవి ఎప్పుడు కుట్టారో దానికే సరిగ్గా తెలియలేదు.

ఇక లేవాలి. అందరూ అటే చూస్తున్నారు. ధనశేఖర్ వచ్చి రెండు చేతులూ చాచాడు. "పట్టుకో అన్నా, నేను లేపతాను."

గోవిందరాజు ఆ చేతుల్లో ప్రీతిని పెట్టాడు. ఒక పక్కకు ఒరిగాడు, చేయి ఆనించాడు, మోకాలు ఊనాడు, ఊపిరి వదులుతూ లేచి నిలబడ్డాడు. అదే సమయానికి ప్రీతి పట్టు పంచె తడిపింది.

భోజనాలకు పెద్దవాళ్లకని మేజాలు, కుర్చీలు వేశారు. గోవిందరాజు వాటిని దాటి, నేల మీద వరసలో మొదటి ఆకు ముందు కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు. కూర్చోగలడు కాబట్టి కూర్చున్నాడు.

ఎవరి పంచో అరువు కట్టుకుని ధనశేఖర్ వచ్చాడు. పక్క ఆకు ఖాళీగా ఉంది.

"ఇక్కడ ఎవరన్నా ఉండారా అన్నా?"

"ఉండారు" అని ఆకు మీద చేయి పెట్టి, గోవిందరాజు తిమ్మమ్మను కేకేశాడు.