కళ్లున్న గుండు

ఎన్నికలొస్తే మహారాష్ట్రలోని సిరొంచ చుట్టుపక్కల లైసెన్సు తుపాకులన్నీ ఠాణాకు చేరతాయి. ఓట్ల లెక్క తేలాకే తిరిగి ఇస్తారు. ఆ ఏడు అసెంబ్లీ ఎన్నికలు సరిగ్గా వరి గింజ గట్టిపడే వేళకు వచ్చాయి. పందులు మళ్లలో పడి తొక్కుతుంటే, పంట కాపలాకని ఆదయ్యకిచ్చిన ఒంటిగొట్టం తుపాకి ఠాణా గదిలో ఉంది. ఎప్పుడు తెస్తావని ఊరంతా అడుగుతుంటే ఆదయ్య పైకి విసుక్కున్నాడు గానీ, లోపల అదే నయమనుకున్నాడు. ఏడాదిగా ఆయన కళ్లకు పొగ కమ్మినట్టుంది. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. ముప్ఫై ఏళ్లుగా ఆ ఊళ్లో తుపాకి అంటే ఆదయ్య. అది చేజారితే తననెవరు లెక్కచేస్తారన్నది ఆయన దిగులు.

నాగేపల్లిలో సైన్సు టీచరుగా చేస్తున్న కూతురు నవత ఎన్నికల డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చింది. వాకిట్లో మరాఠీ పేపరు తిరగేస్తూ ఒక వార్త చదివి తెలుగులో చెప్పింది. గాలిలోనే దారి మార్చుకుని గురిని వెంటాడే తూటా కోసం అమెరికాలో పరిశోధన చేస్తున్నారట. మంచం మీద వాలి ఉన్న ఆదయ్య లేచి కూర్చున్నాడు.

"అంటే కాల్చెటోనికి కండ్లు మంచిగ లేకున్నా నడుస్తదా?"

నవతకు ఆ ప్రశ్న వింతగా తోచింది. అది ఇంకా తయారు కాలేదనీ, అయినా కిలోమీటరు పైన దూరం కాల్చే సిపాయిల కోసమనీ చెప్పింది. పక్క చేను పోశం వరుసకు ఆదయ్యకు అన్న కొడుకు. అక్కడే కూర్చుని బీడీ ముట్టించుకుంటూ నవ్వాడు.

"కిలోమీటరు దూరంల పంది ఏం దొరుకుతది చెల్లే? అయినా మా కాకకు ఒకటి పంపుమను. పంది ఇల్లెక్కడని అడుక్కుంట పోతది."

ఆదయ్య నవ్వలేదు. గుండుకు గురి ఎట్లా తెలుస్తుందని అడిగాడు. ఎవరో ఒకరు చూపాలని నవత చెప్పింది. గురి మీద వెలుగు చుక్క పెట్టి, గుండు తగిలేదాకా కదలకుండా పట్టుకోవడం ఒక పద్ధతి కావచ్చునంది.

ఆ సాయంత్రమే ఆదయ్య టార్చిలైటూ ఒక కట్టే పట్టుకుని కూతురిని చేలోని మంచె మీదికి తీసుకుపోయాడు. ఆ గుండు తమ దగ్గరున్నట్టే ఆమె లైటు పట్టుకోవాలి, తాను కట్టెను తుపాకిలా పట్టి కాల్చాలి. బాపు చిన్నపిల్లాడైపోయాడని నవతకు నవ్వొచ్చినా కాదనలేదు. సన్నగా తుంపర పడుతోంది. కొద్దిసేపటికి గట్టు అవతల వరి కదిలింది. నల్లటి వీపు ఒకటి వంగి ముందుకు జరుగుతోంది.

"పంది. లైటు పెట్టు," అన్నాడు ఆదయ్య మెల్లగా.

"బాపూ, అది..."

"పెట్టుమన్న గద."

నవత పెట్టింది. ఆదయ్య కట్టెను భుజానికి ఆనించి, ఊపిరి బిగబట్టి వేలు నొక్కాడు. "పడ్డది," అన్నాడు.

నల్లటి వీపు లేచి నిలబడింది. నెత్తిన గొంగడి, చేతిలో కొడవలి. పోశం భార్య గంగక్క.

"ఎవలది, కండ్లల్ల లైటు కొడుతున్నరు? నువ్వేనా మామా? గడ్డి కోసుకుంటున్న. నన్ను గిట్ల పందనుకున్నవా ఏంది?" అని నవ్వుతూ గడ్డి మోపు ఎత్తుకుని పోయింది. ఆమె పోయేదాకా నవత చేతిలోని వెలుగు ఆమె వీపు మీదే ఉంది. దించాలన్న సంగతే నవతకు తోచలేదు.

ఆదయ్య కట్టెను ఒళ్లోకి దించుకున్నాడు.

"నా పాత తుపాకైతె ఏమో, తప్పిపోతుండె," అన్నాడు. "గా గుండు తప్పదు బిడ్డా. మనం ఏది చూపిస్తె దాన్నే కొడతది."

ఫలితాలు వచ్చిన మూడో రోజు పోశం తన బండి మీద ఆదయ్యను ఠాణాకు తీసుకుపోయాడు. నవత బస్సులో వచ్చి కలిసింది. జమాదారు రిజిస్టరు తీయబోతుంటే, తుపాకి తనకిక వద్దనీ, సర్కారే ఉంచుకోవాలనీ ఆదయ్య చెప్పాడు. అయితే అర్జీ రాసివ్వమన్నాడు జమాదారు. నవత బల్ల మీద కాగితం పెట్టుకుని మరాఠీలో రాసింది. కారణం దగ్గర, తండ్రి పరువు తలుచుకుని, వయసు మీద పడిందని రాసి, తెలుగులో చదివి వినిపించింది.

పోశం ముఖం మాడింది. "పంట చేతికొచ్చే యాళ్లకు యాదికొచ్చిందా కాకా నీ వయసు? ఇగ మా చేన్లు ఎవలు చూడాలె?"

"మొన్న మాపటికి నీ పెండ్లాన్ని పందనుకున్న పోశం. నా చేతుల కట్టె ఉన్నది గనక ఆమె ఇంటికొచ్చింది."

పోశం బెంచీ మీద కూలబడ్డాడు. వీళ్ల తెలుగు సగమే అర్థమైన జమాదారు ఒకరి తర్వాత ఒకరి ముఖం చూశాడు.

"వయసు కొట్టెయ్యి బిడ్డా," అన్నాడు ఆదయ్య. "కండ్లు కనవడ్తలేవని రాయి."

నవత కొట్టేసి, ఆ మాటే రాసి, పెన్ను తండ్రి చేతికిచ్చింది. ఆయన కాగితం మీదికి బాగా వంగాడు. అయినా సంతకానికి నవత గీసిన గీత కనబడలేదు. ఎక్కడ పెట్టాలో చూపమని పోశాన్నే అడిగాడు. పోశం లేచి వచ్చి ఆ చోట వేలు పెట్టాడు.