నలిగిన కోటు

కొత్త బీవర్ తోళ్ళు వద్దన్నాడట కోటలో తోళ్ళ బేరం చేసే తెల్లవాడు. మా ఆయన సాకస్తెవ్ ఆ మోపు తెచ్చి కోట బయట మంచులో, మా ముందు పడేశాడు.

"ఒంటిమీద నలిగినవే కావాలట. పైవెంట్రుకలు రాలి, చెమట పట్టి మెత్తబడితేనే వాళ్ళ టోపీలకి పనికొస్తాయట. అవిస్తేనే తుపాకి మందు."

ఏం మనుషులో వీళ్ళు. చచ్చిన జంతువు తోలు చాలదు, బతికున్న మనిషి చెమట కూడా కావాలి. కానీ మందు లేకపోతే మాకు మాంసం లేదు. అప్పటికే పిల్లలకి తోలు పట్టీలు ఉడకబెట్టి పెడుతున్నాను.

మా అందరిలో నలిగిన బీవర్ కోటు ఒక్క మా మామ ఒసావాస్క్ ఒంటిమీదే ఉంది. నేను కుట్టిందే. దగ్గుతో ఎముకల గూడైన మనిషికి అదొక్కటే వెచ్చదనం. కన్నకొడుకై ఉండీ మా ఆయన ఆ కోటు వంకే చూస్తూ నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ మాలో కోడలు మామతో మాట్లాడకూడదు. ఏం చెప్పాలన్నా మా కుక్కకే చెప్పాలి.

"పిషూ, నీ బొచ్చు ఎవరికీ ఇవ్వకే. చచ్చిపోతావు."

మామ కూడా కుక్కవైపే తిరిగాడు. "చూశావా పిషూ, మీ అమ్మకి నోరెక్కువ. మనవలు పస్తులుంటే నాకు బొచ్చెందుకే?"

"ముసలాళ్ళకి మొండితనం ఎక్కువని చెప్పవే."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గుతూనే కోటు విప్పి కొడుకు చేతిలో పెట్టాడు. ఆ చేతులు పట్టుకుని ఆపే హక్కు నాకు లేదు.

కోటు ఇచ్చి మందు తెచ్చుకుని అడవిలోని మా గుడారం చేరేసరికి మంచు తుఫాను పట్టుకుంది. కాస్త తెరిపియ్యగానే మా ఆయన మందు తీసుకుని వేటకి పోయాడు. తెల్లవాడు కాదన్న తోళ్ళన్నీ కలిపి కుట్టి మామ మీద కప్పాను. కొత్త తోళ్ళు చెక్కలా బిగుసుకుని ఒంటికి ఆనవు. ఆయన వణుకు ఆగలేదు.

"పిషూ, పోయి ఆయన పక్కన పడుకో" అన్నాను. అది వెళ్ళి ఆయన వీపుకి ఆనుకుని పడుకుంది.

"మీ అమ్మకి చెప్పు, కుట్టు బాగుందని" అని గొణిగాడు మామ.

తెల్లవారాక అడవి వైపు నుంచి తుపాకి మోత వినిపించింది. పిల్లలు కేకలు వేస్తూ బయటికి పరుగెత్తారు. నాకూ కాలు నిలవలేదు. ఆ సంతోషంలో ఆచారమూ గుర్తులేదు, మొదటిసారి ఆయన ముఖంలోకి చూసి మాట్లాడాను.

"మామయ్యా, విన్నారా? మాంసం దొరికింది."

పలకలేదు. చెంప ముట్టుకుంటే చల్లగా, రాయిలా ఉంది.

"మామయ్యా" అని మళ్ళీ పిలిచాను.

నేను తనతోనే మాట్లాడుతున్నాననుకుని పిషూ తలెత్తి చూసింది.