మొదటి వేడినీళ్లు

మా ఇంట్లో స్నానపు తొట్టి కింద పొయ్యి రాజేసేది అమ్మ. ఆ తొట్టిలోకి చివరగా దిగేదీ అమ్మే. ముందు నాన్న, తర్వాత నానమ్మ, తర్వాత నేను. అందరం దిగిన ఆ నీళ్లే చల్లారి మురికి తేలాక కోడలి వంతు. "ఎలాగూ ఆఖరు కదా, తొట్టి కడగడం కూడా కలిసొస్తుంది," అని నాన్న నవ్వుతాడు.

యుద్ధం ముగిశాక నాన్న ఒసాకా నుంచి చొక్కాల కుట్టుపని తెచ్చాడు. అమ్మకు పగలంతా వరిపొలం, ఆపైన మిషను. ఒకసారి జ్వరం తగ్గాక కళ్లు తిరిగి పడిపోతే డాక్టరు నీరసం, నిద్ర పోగొట్టే హిరోపోన్ మాత్రలిచ్చాడు. లేచి కూర్చుంది. వారం వాడితే చాలన్నాడు. నెలలు గడిచినా ఆ వారం ఇంకా అయిపోలేదు. మందుల షాపులో ఎవరడిగినా ఇస్తారు, నానమ్మ అడుగుతుంది. "మా కోడలికి నిద్రన్నదే లేదు, ఎంత చురుకో!" అని ఊరంతా చెప్పుకుంటుంది. అమ్మకు అన్నం సహించదు. చేతి మీద లేని చీమల్ని దులుపుకుంటూ ఉంటుంది. అది చూసినప్పుడల్లా నేను తల దించుకుంటాను. నాకు మాట్లాడటం చేతకాదు.

ఇవాళ సాయంత్రం పెరట్లో, స్నానాలగది గోడ పక్కనున్న ఆ పొయ్యి దగ్గర అమ్మా నేనూ కట్టెలు ఎగదోస్తుంటే నానమ్మ టీ తెచ్చింది. పళ్లెంలో రెండు మాత్రలు.

"రెండోది ఎవరికి అత్తయ్యా?"

"కినూకి. చదివింది చాల్లే, రేపట్నుంచి మిషనెక్కుతుంది. ఇప్పుడే అలవాటైతే అత్తారింట్లో మెచ్చుకుంటారు."

పెద్దవాళ్లు ఇస్తే తీసుకోవడమే నాకు తెలుసు. చెయ్యి చాచాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. వదల్లేదు.

"డాక్టరు నన్ను లేపడానికిచ్చాడు అత్తయ్యా, పడుకోనివ్వకుండా చెయ్యడానికి కాదు."

రెండు మాత్రలూ పొయ్యిలో పడ్డాయి.

తువ్వాలు భుజానేసుకుని స్నానానికి బయల్దేరిన నాన్న ఆగిపోయాడు. "మరి చొక్కాలెవరు కుడతారే?"

"నిద్ర లేచాక చూస్తా."

"ఎప్పుడు లేస్తావ్?"

"నిద్ర తీరాక. కినూ మాత్రం రేపు బడికెళ్తుంది."

అమ్మ ఆయన పక్కనుంచే స్నానాలగదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నీళ్లు పొర్లిన చప్పుడు.

"కినూ," గోడవతల నుంచి అమ్మ పిలిచింది, "నీళ్లు ఇంకాస్త కాగాలే."

"ఇంకో కట్టె వేస్తున్నానమ్మా!" అన్నాను, పెరడంతా వినపడేలా.

నాన్న తువ్వాలుతో అలాగే నిలబడి ఉన్నాడు. నేను రెండు కట్టెలు వేశాను.