‘లేరు’ అన్న మాట

బతికి ఉన్న తండ్రి ఇంట్లో లేకపోతే, ఎక్కడున్నాడో ఎవరికీ తెలియకపోతే, ఆయన సంగతి అడిగినవారికి కూతురు ఏమని చెప్పాలి? ఈ ప్రశ్న ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి రాతపూర్వకంగా వెళ్ళింది. అందినట్టు రసీదు వచ్చింది. జవాబు రాలేదు.

ఆ అమ్మాయి తల్లి ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. తడి దుప్పట్లను ఆవిరి యంత్రంలోకి తోసి, అవతలివైపు కాలుతూ వచ్చేవాటిని అందుకుని మడతపెట్టడం ఆమె పని. తండ్రి లారీ డ్రైవరు. అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా, లోడు దించి వస్తానని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఆయన చనిపోలేదని మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. ఫలానా టోల్‌గేటు దగ్గర చూశానని ఎవరో ఒక డ్రైవరు అప్పుడప్పుడు చెబుతూనే ఉండేవాడు.

అమ్మాయికి భూగర్భ శాస్త్రంలో సీటు వచ్చింది. విశ్వవిద్యాలయం ఇచ్చే ఆర్థిక సాయం ఉంటేనే అది సీటు. లేకపోతే ఉత్త కాగితం. సాయం విభాగం కిటికీ వెనక గుమాస్తా అడిగి తెలుసుకుంటూ దరఖాస్తును కంప్యూటరులో తానే నింపాడు. తండ్రి ఆదాయం దగ్గరకు వచ్చాడు.

“నాన్న లేరండీ.”

గుమాస్తా వేళ్ళు మీటల మీద ఆగాయి. “అయ్యో. ఎప్పుడు పోయారమ్మా?”

“నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడండీ.”

గుమాస్తా దుర్మార్గుడు కాడు. దీన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆ మాట పిల్లచేత రెండోసారి అనిపించడం ఎందుకని ఇంకేమీ అడగలేదు. తండ్రి స్థితి అన్న చోట రెండు అని కొట్టాడు. మరణ ధ్రువపత్రం తరువాత ఇవ్వవచ్చునన్న వెసులుబాటును కూడా జాలిపడి, ఆమెతో అనకుండా తానే ఇచ్చాడు. అచ్చయి వచ్చిన పత్రం మీద అమ్మాయి సంతకం పెట్టింది. ఒకటి అంటే జీవించి ఉన్నారు, రెండు అంటే మరణించారు అని తెలిపే పట్టిక ఆయన కుర్చీ వెనక గోడకు అంటించి ఉంది. మూడో అంకె అందులో లేదు.

ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో ఆమె రాళ్ళను గీసి, తడిపి, నాలుకతో కూడా తాకి గుర్తుపట్టడం నేర్చుకుంది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు సంచి బరువు చూసి అమ్మమ్మ, “చదువుకి పంపిస్తే రాళ్ళు మోసుకొస్తోందేమిటే నీ కూతురు,” అని తల్లిని ఆటపట్టించేది.

తరువాత విశ్వవిద్యాలయం నుంచి తాఖీదు వచ్చింది: మరణ ధ్రువపత్రం సమర్పించాలి.

అలాంటి పత్రాలు పుట్టించేవాళ్ళున్నారని లాండ్రీలో ఒకావిడ చెప్పిందట. బతికున్న మనిషిని తన చేతులతో చంపనని తల్లి తెగేసి చెప్పింది. అమ్మమ్మ మాత్రం గోడవైపు తిరిగి పడుకునే అంది: “ఉన్నన్నాళ్ళూ లేనట్టే ఉన్నాడు. ఇప్పుడు లేకుండా కూడా మన నెత్తిమీదే ఉన్నాడు.”

అమ్మాయి కిటికీ దగ్గరకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నిజం చెప్పినందుకే ఆమె మీద విచారణ మొదలైంది. సంఘంలో ముగ్గురు కూర్చున్నారు. తప్పుడు సమాచారం ఇచ్చావన్నారు. అధ్యక్షుడు పత్రాన్ని ఆమె వైపు తిప్పి సంతకం చూపించాడు.

“నేను చనిపోయారని చెప్పలేదండీ. లేరన్నాను.”

“లేరంటే?”

“ఇంట్లో లేరని.”

“ఇంట్లో లేకపోతే ఎక్కడున్నారు?”

“తెలియదండీ.”

“మాకు తెలుసు,” అన్నాడాయన. తండ్రి నిరుడు డ్రైవింగు లైసెన్సు పునరుద్ధరించుకున్నారని, చిరునామా ఫైలులోనే ఉందని వివరించాడు. తండ్రి సంతకం, ఆదాయ ధ్రువపత్రం తెస్తే మొదటి నుంచి పరిశీలిస్తారట.

అమ్మాయి పెన్ను తీసింది. “ఆ అడ్రసు ఇవ్వండి సార్. ఇవాళే వెళ్తాను.”

“అది ఆయన వ్యక్తిగత వివరం. ఇతరులకి ఇవ్వకూడదమ్మా.”

ఇతరులు. ఆ మాటను మినిట్సులో కూడా రాసుకున్నారు. తండ్రి సంతకం ఆమె తేవాలి. ఆయన ఎక్కడున్నాడో వారు చెప్పరు. ఈ రెండు నిబంధనలూ ఒకే ముద్ర కింద ఉన్నాయి. సాయం రద్దయింది. మొదటి ఏడాది ఇచ్చినదంతా తిరిగి కట్టాలన్నారు. హాస్టలు గది ఖాళీ చేసేటప్పుడు రాళ్ళను ప్రయోగశాల గుమ్మం దగ్గర వరుసగా పెట్టి వచ్చింది. ఇప్పుడు ఆవిరి యంత్రానికి ఇటు తల్లి, అటు కూతురు. తల్లి తోస్తుంది, కూతురు అందుకుంటుంది.

ఆమె హాస్టలు వదిలి వెళ్ళిన మరునాడు తరగతిలో హాజరు పిలిచారు. ఆమె పేరు దగ్గర ఆగారు. వెనక బల్ల నుంచి స్నేహితురాలు చెప్పింది: “లేదు సార్.”

అధ్యాపకుడికి అర్థం స్పష్టంగానే తెలిసింది. గడిలో గీత పెట్టి తరువాతి పేరు పిలిచాడు.

మీకు దగ్గరలో కూడా ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉంటుంది. వెళ్ళండి. సాయం దరఖాస్తు అడిగి, తండ్రి స్థితి అన్న గడి ఎక్కడుందో వెతకండి. అందులో మూడో అంకె లేకపోతే, అది వేయించే వరకు ఆ కిటికీ ముందు నుంచి కదలకండి.