సంతోషి రిక్సియా

పోశం బతుకంతా నీళ్లను బయటికి పంపడంతోనే గడిచింది. గోదావరిఖనిలో ఒక అండర్‌గ్రౌండ్ బొగ్గుబాయిలో ఆయన పంపు ఆపరేటరు. బొగ్గు తీసిన చోటల్లా ఊటనీరు చేరుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు పైకి తోడకపోతే కింద పని సాగదు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయనకు అదే డ్యూటీ. అలాంటి మనిషి ఇంట్లో, పెళ్లయిన వారానికే, కొత్త కోడలు సంతోషి రెండడుగుల గాజుతొట్టి ఒకటి తెచ్చి ముందుగదిలో పెట్టించి, దాని నిండా నీళ్లు పోయడం మొదలుపెట్టింది.

పోశానికి అది విడ్డూరంగా తోచింది. ఆయన భార్య సమ్మవ్వకు మరీను. ఎందుకంటే ఆ తొట్టిలో చేపలు లేవు. అడుగున ఇసుక, నాలుగు పలక రాళ్లు, ఆ రాళ్ల మీద దారంతో చుట్టి కట్టిన పచ్చటి పీచులాంటిదేదో.

"మేం పాకురు కనవడితె గోకి పారేస్తం. మా కోడలు ఇంట్ల వెట్టుకొని పెంచుతది," అని సమ్మవ్వ పక్క క్వార్టరు వాళ్లతో చెప్పి నవ్వింది. ఆ నవ్వులో కచ్చ ఏమీ లేదు. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు.

సంతోషిది జ్యోతినగర్. వాళ్ల నాన్న అక్కడి కరెంటు ప్లాంటులో ఫిట్టరు. బి.జెడ్.సి. చదివింది. మాట తక్కువ. భర్త ప్రశాంత్‌కు దగ్గర్లోని జైపూర్ పవర్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు. అతను లేనప్పుడు ఆ పిల్ల వంటపని ముగించుకుని తొట్టి ముందు కూర్చునేది.

ఒకరోజు మొదటి షిఫ్టు దిగి వచ్చిన పోశం, చేతిలో టిఫిను డబ్బా అలాగే పట్టుకుని తొట్టి ముందు ఆగిపోయాడు. లోపల లైటు వెలుగుతోంది. ఆ పచ్చపీచు కొసకొసకీ ఆవగింజంత బుడగలు పట్టి, వెండిపూసలు కుట్టినట్టు మెరుస్తున్నాయి. ఒక్కొక్కటీ తెగి పైకి తేలుతోంది.

"ఏంది బిడ్డా, నీళ్లు కాగుతున్నయా?" అన్నాడు.

సంతోషికి నవ్వొచ్చింది. అత్తగారింటికి వచ్చాక ఆమె అలా నవ్వడం ఆయన చూడలేదు.

"కాగుడు గాదు మామా. లైటు వడ్డదిగద, అది గాలి ఇడుస్తున్నది. దీని పేరు రిక్సియా. లివర్‌వర్ట్ అని ఒక జాతి ఉంటది, దాంట్లది. నాచు గాదు, గడ్డి గాదు. దీనికి వేరుండది, కాండముండది, ఆకుండది. అంతా ఒక్కటే తీరు. కొస కాడ రెండు పాయలైతది, మళ్ల ఒక్కోటి రెండైతది. గట్లనే పెరుగుకుంట పోతది."

"వేరు లేకుంటె ఎట్ల నిలవడ్తది?"

"నిలవడది మామా. ఇడిచిపెడ్తె పైకి తేల్తది. అందుకే రాయికి కట్టిన."

ఆ రోజు నుంచి పోశం బట్టలు మార్చుకోకముందే తొట్టి దగ్గర రెండు నిమిషాలు ఆగేవాడు. రోజుకో ప్రశ్న అడిగేవాడు. నల్లా నీళ్లను ఒకరోజు బకెట్లో ఉంచాకే తొట్టిలో పోయాలని, వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చాలని తెలుసుకున్నాడు. పీచు దట్టంగా పెరిగితే కత్తెరతో పై పొర తీసేయాలి. లేకపోతే కిందిదానికి వెలుతురు అందక కుళ్లి, మొత్తం చాపలాగా రాయిని వదిలి లేస్తుందట. కాలేజీలో మేడమ్ ఒక చిన్న మందుసీసాలో చెంచాడు ఇస్తే, అంత చేసిందట ఆ పిల్ల.

"పెంచుడు అల్కనే మామా," అంది సంతోషి. "నీళ్లు ఉడుకెక్కితెనే ఆగది."

మాఘమాసంలో సంతోషి నెల తప్పింది. ఇల్లంతా ఒక్కసారిగా మారిపోయింది. సమ్మవ్వ కోడలిని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. పోశం మాత్రం పైకి ఏమీ అనలేదు. కానీ ఆ వారం నుంచి తొట్టికి నీళ్లు మార్చే పని ఆయన చేతిలోకి వచ్చింది. సమ్మవ్వ మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసి రెండు బకెట్లు తెచ్చి పెట్టేవాడు. పాత నీళ్లు తీసుకెళ్లి జామచెట్టుకు పోసేవాడు. మామ కోడలికి నీళ్లు మోస్తున్నాడంటే కాలనీ అంతా నవ్వుతుందని ఆయనకు లోపల సిగ్గు. అందుకే ఎవరికీ తెలియనివ్వలేదు.

నాలుగో నెలలో ఆ గర్భం నిలవలేదు.

దవాఖానలో డాక్టరమ్మ ప్రశాంత్‌నూ పోశాన్నీ పిలిచి, ఇందులో ఎవరి తప్పూ లేదని, కొన్ని ఇలాగే అవుతాయని, పిల్ల ఆరోగ్యం బాగానే ఉందని చెప్పింది. ఇంటికి తెచ్చిన మూడోనాడు సంతోషి వాళ్లమ్మ వచ్చి, కొన్నాళ్లు తన దగ్గర ఉంచుకుంటానంది. ఆటో ఎక్కేముందు సంతోషి తొట్టి వైపు కన్నెత్తి చూడలేదు. పోశం ఆమె సంచి అందుకుని ఆటోలో పెట్టాడు. నోరు తెరిస్తే, "జాగ్రత బిడ్డా," అన్న ఒక్క మాటే వచ్చింది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. సమ్మవ్వ పలకరిస్తేనే పలుకుతోంది. ప్రశాంత్ డ్యూటీ దిగి నేరుగా జ్యోతినగర్ వెళ్లి, ఎప్పటికో వస్తున్నాడు. పోశం ఒక్కడే రోజూ లైటు వేసి, ఆర్పి, నీళ్లు మారుస్తున్నాడు.

మే నెల వచ్చింది. ఆ ప్రాంతపు ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. గోడ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే. ఒక సాయంత్రం గాలిదుమారం లేచి వేపకొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి. ఒకటిన్నర రోజు కరెంటు లేదు. పోశానికి అప్పుడు రెండో షిఫ్టు. మూడోనాడు పొద్దున తొట్టిలో వేలు పెట్టి చూస్తే నీళ్లు స్నానానికి తోడినట్టున్నాయి. రిక్సియా గోధుమరంగుకు తిరిగింది. ముట్టుకుంటే చేతిలో జావలాగా విడిపోయింది. నీచువాసన.

ఆయన దాంట్లోంచి కాస్త ఒక సీసాలో వేసుకుని, మార్కెట్లో చేపల తొట్లు అమ్మే చాంద్ పాషా దుకాణానికి వెళ్లాడు. ఇద్దరిదీ పాత పరిచయం. చాంద్ పాషా సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"సడిపోయింది పోశమన్నా, మురిగింది. నా తాన గూడ లేదు. ఈ ఎండల మొక్కలు తెప్పిస్తలేను, దార్లనే ఖతమైతున్నయి."

"ఇగ అయిపోయినట్టేనా?"

"ఫికర్ జెయ్యకు. దీనికి వేర్లుండవు గద, మొత్తం సచ్చుడుండది. మంచిగ వెతుకు. పచ్చగున్న ముక్క గోరంత దొరికినా సాలు, అదే మళ్లొస్తది. సడింది మాత్రం తీసి పారెయ్. నీళ్లు సల్లగుంచు. మూత తీసి పైన చిన్న ఫ్యాను పెట్టు. ఫ్రిజ్‌ల బాటిల్ గడ్డగట్టిచ్చి తొట్టిల తేలనియ్యి. గని జల్ది జల్ది సల్లగ జెయ్యకు, నెమ్మదిగ."

మరునాడు ఆదివారం. మధ్యాహ్నం పోశం తొట్టిలోని పీచునంతా తీసి, తెల్ల పింగాణీ పళ్లెంలో నీళ్లు పోసి అందులో పరిచాడు. కళ్లద్దాలు పెట్టుకుని, ముల్లు తీసే పట్కారుతో గోధుమరంగు జావను పక్కకు నెడుతూ వెతకసాగాడు. గంటసేపటికి మూడు ముక్కలు దొరికాయి. మూడూ కలిపి కొత్తిమీర రెబ్బంత లేవు.

సమ్మవ్వ గుమ్మంలో నిలబడి ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు.

"దానికోసమేనా ఇంత తండ్లాట?" అంది.

"పిల్ల వచ్చేసరికి ఉండాలెగద."

"వస్తె గద."

ఆ మాట అన్న తీరు వింతగా ఉంది. పోశం తలెత్తాడు. సమ్మవ్వ వచ్చి ఎదురుగా నేల మీద కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేనో మాటన్న ఆమెను," అంది. "దవాఖాన నుంచి తోలుకొచ్చిన నాడు. 'ఆ నీళ్ల బకెట్లు లేపకుంటె నిలుస్తుండె గద బిడ్డా' అన్న. ఏడ్సుకుంట అన్న. నోట్లకెళ్లి వచ్చిపోయింది. ఆమె ఏమనలే. గోడ దిక్కు తిరిగి పండుకున్నది."

పోశం చేతిలో పట్కారు ఆగిపోయింది. తొట్టి వైపు చూడకుండా ఆటో ఎక్కిన ఆ పిల్ల మొహం ఆయన కళ్ల ముందుకొచ్చింది. భార్య మీద కోపం రావలసిన చోట, తన మీద తనకే కోపం వచ్చింది.

"బకెట్లు లేపింది ఆమె గాదు," అన్నాడు. "నేను. మాఘం సంది నేనే లేపుతున్న. నువ్వు పండుకున్నంక."

"నువ్వా?"

"నేనే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నవ్వుతవని."

సమ్మవ్వ నవ్వలేదు. కొంగు నడుముకు దోపింది. తర్వాత పళ్లెం తన వైపు జరుపుకుంది. "నీ కండ్లకు ఏం కనవడ్తది, ఇటియ్యి," అంది.

పొద్దు వాలేదాకా ఇద్దరూ వెతికారు. మొత్తం పదకొండు ముక్కలు పోగయ్యాయి. వాటిని రాయికి కట్టబోతే పోశం మొరటు వేళ్లకు లొంగలేదు. సమ్మవ్వ పుట్టింట్లో ఉన్నప్పుడు బీడీలు చుట్టిన మనిషి. పలకరాయిని ఒళ్లో పెట్టుకుని, సన్నదారం పళ్ల మధ్య పట్టి, ముక్క నలగకుండా ముడి జారకుండా చుట్టేసింది. ముప్పై ఏళ్లయినా ఆ వేళ్లు పని మరవలేదు.

ఆ వారం రోజులూ ఇద్దరికీ అదే లోకమైంది. గడ్డకట్టిన బాటిల్ ఒకటి తొట్టిలో, ఒకటి ఫ్రిజ్‌లో. గాజుకు వెనక తడితువ్వాల. పోశం డ్యూటీలో ఉంటే సమ్మవ్వ తువ్వాల తడిపేది. ఏడోనాడు ఆయన షిఫ్టు దిగి గడపలో అడుగు పెట్టగానే, "ఇటు రా, జల్ది," అని చెయ్యి పట్టి లాక్కెళ్లింది. లేత ఆకుపచ్చ కొసలు కొన్ని దారం సందుల్లోంచి బయటికి వచ్చాయి. కొస దగ్గర రెండు పాయలు.

"పోదాం నడువు," అంది సమ్మవ్వ, ఆ ఆదివారం. ఎక్కడికని పోశం అడగలేదు.

పలకరాయిని స్టీలు డబ్బాలో నీళ్లలో పెట్టి, మూత బిగించి, జ్యోతినగర్ దాకా ఆటోలో సమ్మవ్వే ఒళ్లో పట్టుకుని కూర్చుంది. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరును మెల్లగా పొమ్మని కసురుకుంది.

సంతోషి చిక్కిపోయి ఉంది. అత్తామామల్ని చూసి లేచి నిలబడింది. వాళ్లమ్మ మంచినీళ్లు తెచ్చేలోగా సమ్మవ్వ మూత తీసి డబ్బాను కోడలి చేతిలో పెట్టింది.

"గింతనే మిగిలింది బిడ్డా. ఎండకు పోయింది. మీ మామ, నేను ఏరినం."

సంతోషి డబ్బాలోకి చూస్తూ మంచం మీద కూర్చుంది. సమ్మవ్వ ఆమె పక్కన కూర్చుంది.

"ఆ నాడు నేనన్న మాట తప్పు. నీళ్లు మోసింది మీ మామనట. నాకు తెల్వదు. తెల్వకుంట అన్న. తెలిసినా అనొద్దుండె."

సంతోషి తల అడ్డంగా ఊపింది. "ఒక్కసారి నేను గూడ లేపిన అత్తమ్మా," అంది, వినీ వినపడనట్టు. "మామకు ఆ వారం డ్యూటీ మారింది. సగం బకెటే. గని లేపిన. రోజూ అదే యాదికొస్తది."

పోశం మోసిన బకెట్లన్నీ ఆ సగం బకెట్టు ముందు లెక్కలోకి రాకుండా పోయాయి.

అప్పుడు సమ్మవ్వ కోడలి గడ్డం పట్టి తన వైపు తిప్పుకుంది.

"ఇను. ప్రశాంత్ కడుపుల ఉన్నప్పుడు మాకు క్వార్టరు రాలేదు. బోరింగు కాడినుంచి రెండు బిందెలు నెత్తిమీద, ఒకటి సంకల వెట్టుకొని తొమ్మిదో నెల దాక మోసిన. ఏమన్న అయిందా వానికి? గాడిద లెక్క పెరిగిండు. నిలిచేది నిలుస్తది, పొయ్యేది పోతది. సగం బకెట్టుకు ఏంగాదు బిడ్డా. ఆ ముచ్చట నాకప్పుడు యాదికి రాలేదు. దుఃఖంల మనిషికి ఎవలనో ఒకలను అనబుద్ధయితది. నువ్వు దొరికినవు నాకు."

సంతోషి అత్త భుజం మీద తల పెట్టి బావురుమంది. దవాఖానలో కూడా అలా ఏడవలేదు. పోశం లేచి మెల్లగా వరండాలోకి వెళ్లి, చెప్పుల దగ్గర నిలబడి వీధిలోకి చూస్తూ ఉండిపోయాడు.

సంతోషి ఆ రోజే వెంట రాలేదు. రాయి మీది పీచులో సగం విప్పి ఒక గాజు గిన్నెలో తన దగ్గర ఉంచుకుంది. మిగతా సగం తిరిగి కట్టి, "కొసలు రెండు ఇంచులైనంక కత్తిరించు అత్తమ్మా, భయపడకు," అని చెప్పి పంపింది. తర్వాత రోజూ సాయంత్రం సమ్మవ్వ ఫోను చేసి ఎంత పెరిగిందో చెప్పేది. అందులో సగం మాటలు రిక్సియావి కావు.

మొదటి వానలు పడ్డాక ప్రశాంత్ వెళ్లి భార్యను తీసుకొచ్చాడు. అప్పటికి రెండు రాళ్లు పూర్తిగా పచ్చబడ్డాయి.

వచ్చిన నాలుగోనాడు సంతోషి తొట్టి ముందు కూర్చుని కత్తెర పట్టింది. తేలిన ముక్కల్ని చిన్న వలతో ఎత్తి పళ్లెంలో వేయడం పోశం పని. బయట ముసురు పట్టింది. వంటింట్లో సమ్మవ్వ మక్కగారెలు కాలుస్తోంది.

"మామా," అంది సంతోషి, చేతిపని ఆపకుండా. "నేను దాన్ని ఒక పేరుతోని పిలుచుకున్న. ఎవ్వలకు చెప్పలే. ఆయనకు గూడ."

పోశానికి అర్థమైంది. వల పక్కన పెట్టాడు.

"ఏమని బిడ్డా?"

"మిన్ను అని. ఆడపిల్లయినా, మొగపిలగాడైనా."

ఆయన ఆ పేరును కాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. తర్వాత, పిల్లలు పడుకున్న గదిలో పిలిచినట్టు, మెల్లగా పైకి అన్నాడు.

"మిన్ను. మంచిగున్నది పేరు."

సంతోషి తలూపింది. కళ్లు తుడుచుకుని, మళ్లీ కత్తెర అందుకుని, మూడో రాయి ఇటు జరపమంది.