తెరిచి ఉన్న మైకు

రెండు వేల మూడు, ఆగస్టు పన్నెండు, మంగళవారం. ఆ పొద్దున మా ఇంట్లో అందరూ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నారు. నేను ఏమీ తినలేదు. ఆ సంగతి జిల్లా అంతటికీ తెలుసు.

అప్పటికి నేను మా మీడియం వేవ్ రేడియో స్టేషన్‌కు వెళ్లడం మొదలుపెట్టి రెండేళ్లు. ఉద్యోగం కాదు. నెలకు ఆరు రోజులు పిలిస్తే వెళ్లి మాట్లాడి వచ్చే క్యాజువల్ అనౌన్సర్‌ని. పాట పాడినవాళ్ల పేరు, వేరుశనగ తెగుళ్ల గురించి చెప్పిన అధికారి పేరు, అన్నీ చెప్పాలి. మా పేరు మాత్రం మేం చెప్పుకోకూడదు. అక్కడి నియమం అది. ఆరుగురికి వండి, అత్తకు నీళ్లు కాచి, బట్టలు ఆరేసి బస్సెక్కేదాన్ని. నేను మాట్లాడే వేళకు మా ఆయన రేడియో కట్టేసేవాడు. ఇంట్లో వినేది చాలదా అని నవ్వేవాడు. ఆ నవ్వులో కోపం ఉండేది కాదు.

ఆ రోజు పాట మొదలయ్యాక మైకు మీట దించాననే అనుకున్నాను. అద్దం అవతలి నుంచి ఇంజనీరు ఆదెన్న, తిన్నావా అని చేత్తో అడిగాడు.

"పొద్దున్నించీ ఏమీ తినలేదన్నా. అందరికీ పెట్టేతలికి బస్సు టైమైపాయ."

మైకు తెరిచే ఉంది. పాట మీదుగా నా ఆకలి గుత్తి దాకా, వజ్రకరూరు చేల దాకా పోయింది.

సాయంత్రానికి మెమో ఇచ్చారు. ఇంటికి వెళ్తే, బజార్లో తలెత్తుకోకుండా చేశానన్నాడు మా ఆయన. అత్త మాత్రం నెమ్మదిగానే అడిగింది.

"అన్నం ఈడనే ఉండాది కదమ్మా. నిన్ను తినొద్దన్నది ఎవరు?"

ఎవరూ అనలేదు. ఎవరూ తినమనీ అనలేదు. అంతకన్నా గుచ్చుకున్నది ఇంకొకటి. వాళ్లు నా మాట రేడియోలో వినలేదు, ఎవరో చెబితే తెలుసుకున్నారు.

మర్నాడు యాడికి అనే ఊరి నుంచి పెద్దక్క అనే ఆమె రెండు బస్సులు మారి వచ్చింది. ముందెప్పుడూ చూసిన మనిషి కాదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఓబుళేసుకు నా పేరు చెప్పలేకపోయిందట, ఎవరికీ తెలియని పేరు కదా. నిన్న ఆకలన్న పాప యాడుందని అడిగిందట. తను తెచ్చిన గిన్నె మూత తీస్తే ఉగ్గాని. నేను తినేదాకా పక్కనే కూచుంది.

"తిని మాట్లాడు పాపా. నీ గొంతు సన్నమైతే మాకు తెలిసిపోతాది."

ఇరవై రెండేళ్లయింది. ఈ నెలాఖరుకు మీడియం వేవ్ ఆపేస్తున్నారు. చివరి రోజు చదవడానికి మా అధికారి స్టేషన్ చరిత్ర రాశాడు, చివర సిబ్బంది పేర్లు. మొదటి ఇంజనీరు నుంచి జీపు డ్రైవరు, తోటమాలి, వాచ్‌మన్ దాకా అరవై మూడు. చదవాల్సింది నేను. నా పేరు లేదు.

క్యాజువల్ వాళ్లు సిబ్బంది కిందికి రారన్నాడు. అయినా మంచివాడే, బీరువా వెతికాడు. మా హాజరు కాగితాలు ఎప్పుడో పారేశారు. దొరికింది ఆ మెమో ఒక్కటే. ప్రసార సమయంలో సొంత ఆకలిని వెల్లడించినందుకు హెచ్చరిక.

"నీ పేరుండే కాగితం ఇదొకటేనమ్మా. దీన్ని చూపించి చేర్చమంటే నగుతారు."

నేను నవ్వలేదు. దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను.

చివరి రోజు మధ్యాహ్నం అందరికంటే ముందు నేను కూర్చుని జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తిన్నాను. అత్త ఉండి ఉంటే ఏమనేదో. మా ఆయన తన కంచం తానే తెచ్చుకున్నాడు.

సాయంత్రం చరిత్ర చదివాను. అరవై మూడో పేరు ఓబుళేసుది. అక్కడితో కాగితం అయిపోయింది. అద్దం అవతల ఆదెన్న చెయ్యి ప్రసారం ఆపే మీట మీదికి వెళ్లింది. నేను అతని వైపు చూశాను. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇరవై నాలుగేళ్లుగా ఈ స్టేషన్ నుంచి మీతో మాట్లాడింది జయంతి. నా పేరే జయంతి. ఈ పొద్దు కడుపు నిండా తిన్నాను."

మైకు మీట నేనే దించాను. ఈసారి కళ్లతో చూసి దించాను.

బయట బల్ల మీద ఓబుళేసు ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని ఉన్నాడు. అందులో ఇక గరగర తప్ప ఏమీ లేదు. లేచి, ప్రసారం నడుస్తోందని చెప్పే ఎర్ర దీపం ఇంకా వెలుగుతున్నట్టే, చప్పుడు కాకుండా స్టూడియో తలుపు మూశాడు.